నాలుగు గళ్లలో లేని పేరు

హనుమకొండ,
జూలై 9

అత్తమ్మకు వందనాలు,

మామయ్యకు కూడా. నేను బాగున్నాను. హాస్టల్ సాంబారు తప్ప ఇక్కడ అన్నీ బాగున్నాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోన్‌లో నీకు సగం వినపడదు. స్పీకర్ పెడితే వాడంతటికీ వినపడుతుంది. పోయినసారి నాకు జలుబని నీకు చెప్పిన గంటకు మీ పక్కింటి రాజక్క ఫోన్ చేసి మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో చెప్పింది. అందుకే ఈ కాగితం.

నేను చేరింది సామాజిక విధానాలు, అడ్వకసీ అనే ఎమ్మేలో. నాన్న చుట్టాలందరికీ లా చదువుతోందని చెప్పుకుంటున్నాడు. లా కాదు అత్తమ్మా. ప్రభుత్వం ఒక పని ఎందుకు చేస్తుంది, ఎందుకు చేయదు, చేయకపోతే జనం పక్షాన నిలబడి ఎలా చేయించాలి, అదీ చదువు. ఇది నాన్నకు వివరిస్తే, "దానికి ఎమ్మే ఎందుకే, మీ అత్తమ్మ ఏ ఎమ్మే లేకుండనే చేస్తది గద" అన్నాడు.

మాకు శ్యాంసుందర్ సార్ అని ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గర వ్యాసాలకు మార్కుల్లేవు. ఒక్కొక్కరూ ఒక ఊరు పట్టుకోవాలి. ఆ ఊళ్లో ఆగిపోయిన ఒక పని ఎందుకు ఆగిందో నిరూపించి, నవంబరులోగా దాన్ని కదిలించి చూపాలి. కదిలితే పాస్, లేకపోతే ఏడాది మళ్లీ. నాన్న ముందే చెప్పేశాడు, "ఒక్కసారి ఫెయిలైనవంటే సీదా బ్యాంకు కోచింగే" అని. నాకు లెక్కలంటే ఎంత భయమో నీకు తెలుసు.

మీ ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్ ఆరేళ్లుగా తాళం వేసి ఉంది కదా, నేను దాన్ని పట్టుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు అందులో నర్సువి నువ్వే. నీకు తెలియనిది ఏముంటుంది! ఇంకో కాగితం మీద నాలుగు గళ్లు గీసి పంపుతున్నాను. శక్తి ఉండి మన వైపు ఉన్నవాళ్లు, శక్తి ఉండి మనకు ఎదురు ఉన్నవాళ్లు, శక్తి లేక మన వైపు ఉన్నవాళ్లు, శక్తి లేక ఎదురు ఉన్నవాళ్లు. ఈ తాళంతో సంబంధం ఉన్న ప్రతి మనిషి పేరూ, పక్కన ఫోన్ నంబరూ ఏదో ఒక గడిలో రాయి. ఎవరినీ వదలకు.

నీ మేనకోడలు,
జెస్సికా


బూరుగుమళ్ల,
జూలై 18

చిరంజీవి జెస్సికాకు,

దేవుని కృప నీకు తోడుండాలనీ, అందులో కొంచెం మీ హాస్టల్ సాంబారుకు కూడా దొరకాలనీ కోరుతూ అత్తమ్మ రాయునది.

నీ గళ్లు నింపాను. శక్తి ఉండి మన వైపు అన్న గడిలో దేవుని పేరు రాశాను. పక్కన ఫోన్ నంబరు అడిగావు, అది ఖాళీగా వదిలాను. శక్తి ఉండి ఎదురు అన్న గడిలో మాజీ సర్పంచ్ వెంకట్రాజం. సబ్‌సెంటర్ నిండా ఆయన మిరప బస్తాలే. శక్తి లేక మన వైపు అన్న గడిలో రాజక్కను, మీ మామయ్యను వేశాను. మీ మామయ్య అది చదివి, నిజమే అన్నాడు. నాలుగో గడికి మనిషి దొరకలేదు.

ఊరి పరిస్థితి నీకు కొంత తెలుసు. కొత్త నర్సు జ్యోతి బుధవారం బుధవారం వస్తుంది. కూర్చోవడానికి చోటు లేక చర్చి వరండాలో డబ్బా తెరిచి పిల్లలకు టీకాలు వేస్తుంది. వాన వస్తే డబ్బా మూసి చీరకొంగు కప్పుకుని నిలబడుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు పరీక్షకు ఆటో ఎక్కి నర్సంపేట ఆసుపత్రికి పోతున్నారు. బీపీ, షుగరు ఉన్న ముసలివాళ్లు మాత్రం అలవాటుకొద్దీ మా అరుగు మీదికే వస్తారు. నా పాత మిషన్‌తో చూసి పంపుతాను.

ఇంకో సంగతి. నీ గళ్ల కాగితం చూస్తే నాకు ముచ్చటేసింది. ఇంత శుభ్రంగా ప్రార్థన అవసరతలు విడదీసి రాసినవాళ్లను నేను చూడలేదు. ఒక నకలు రాసి పాస్టర్ జాన్సన్ గారికి ఇచ్చాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పెడతామన్నారు.

నీ అత్తమ్మ,
సుశీల


హనుమకొండ,
జూలై 23

అత్తమ్మా,

వద్దు! అది ప్రార్థన కాగితం కాదు. అది మనం ఎవరితో ఎలా మెలగాలో లోపల లోపల వేసుకునే అంచనా. అందులో పేర్లున్నవాళ్లకు అది తెలియకూడదు. రహస్యంగా ఉంచకపోతే సార్ నా ప్రాజెక్టు రద్దు చేస్తారు. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది, తప్పు నాదే. దయచేసి పాస్టర్ గారి దగ్గర నుంచి కాగితం వెనక్కి తీసుకో. శుక్రవారం లోపల.

జెస్సికా


బూరుగుమళ్ల,
జూలై 28

చిరంజీవి జెస్సికాకు,

నీ ఉత్తరం శనివారం అందింది. ప్రార్థన శుక్రవారం అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, కూర్చుని చదువు.

మన చర్చి అలవాటు నీకు తెలుసు. శుక్రవారం మైకులో పేరు చదివారంటే ఆ మనిషి మంచం పట్టినట్టే లెక్క. ఊళ్లో హిందువులకూ ఆ సంగతి తెలుసు. పాస్టర్ గారు గొంతు సవరించుకుని, "మన గ్రామ మాజీ సర్పంచ్ వెంకట్రాజం గారి కొరకు కన్నీటితో ప్రార్థన చేద్దాం" అన్నారు. నువ్వు రాసిన గళ్ల పేర్లతో సహా మిగతావి కూడా చదివారు.

మధ్యాహ్నానికి వెంకట్రాజం ఇంటి ముందు ఇరవై జతల చెప్పులు. అరటిపండ్లు, కొబ్బరిబోండాలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఆయన సరుకు అమ్మిపెట్టే వ్యాపారి కారు కట్టుకుని వచ్చాడు. వెంకట్రాజం బిడ్డ పద్మలత ఫోన్‌లో ఒకటే ఏడుపు. ఆయన భార్య వరలక్ష్మి పప్పు తాలింపు మధ్యలో వదిలి, మా ఆయనకు ఏమైందో చెప్పండని వచ్చినవాళ్లనే అడిగింది. ఆ సమయానికి మనిషి చేన్లో మందు కొడుతున్నాడు. బండి మీద ఇంటికొచ్చి చూస్తే అందరూ తల దించుకుని కూర్చున్నారట.

సాయంత్రానికి మా అరుగు మీదికొచ్చి చెయ్యి చాపాడు. "పదిమంది అడిగేసరికి నాకే అనుమానమొస్తాంది నర్సమ్మా. జర బీపీ చూడు" అన్నాడు. చూస్తే నూట అరవై, వంద! ఉప్పు తగ్గించమన్నాను. బస్తాల మాట కూడా ఎత్తాను. "ఈసారి పంట అమ్మినంక చూద్దాం" అన్నాడు. దానితోపాటు ఇంకో మాట అన్నాడు కానీ అది నీ చదువుకు పనికొచ్చేది కాదు.

రాజక్క నాతో మాట్లాడటం మానేసింది. గోడవతల నుంచి మాత్రం వినిపిస్తోంది. "నాకు శక్తి లేదని మైకుల చదివిస్తదా! నిన్న గడ్డిమోపు ఎవలు ఎత్తిండ్రు, ఆమె ఎత్తిందా?" అని.

సుశీల


హనుమకొండ,
ఆగస్టు 12

అత్తమ్మకు వందనాలు,

దాచి లాభం లేదని సార్‌కు అంతా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఏడుపు కాదు, నవ్వు. తర్వాత గంభీరంగా ముఖం పెట్టి, గుర్తింపు పొందిన ఏ పద్ధతిలోనూ ఇలాంటిది లేదన్నారు. ప్రాజెక్టు మాత్రం రద్దు చేయలేదు. ఇకనుంచి ఆధారాలతో నడవమన్నారు.

అందుకని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఒక్కటే ప్రశ్న. సబ్‌సెంటర్ తాళంచెవి ఎవరికి అప్పగించారు, ఏ తేదీన? అదే ఈ కథకు మూలం అంటారు సార్. బస్తాలు తమంతట తాము లోపలికి నడిచి పోవు కదా. ఎవరో తలుపు తీశారు. ఆ మనిషి దొరికితే నా ప్రాజెక్టు సగం అయినట్టే.

అది జవాబొచ్చేసరికి నెల పడుతుంది. నీకు గుర్తుంటే ముందే చెప్పవా? నువ్వు రిటైరయ్యాక తాళం ఎవరి చేతికి పోయింది?

జెస్సికా


బూరుగుమళ్ల,
ఆగస్టు 25

చిరంజీవి జెస్సికాకు,

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. పత్తి ఎర్రబడుతోందని రైతులకు బెంగ. మన బర్రె ఈనింది, పెయ్య దూడ. మీ మామయ్య దానికి పేరు వెతుకుతున్నాడు. నీకు చింతకాయ తొక్కు పంపుతున్నాను, తడి చెంచా పెట్టకు. రాజక్క మళ్లీ మాట్లాడుతోంది. నీ కాగితంలో ఆమెను పై గడిలోకి ఎక్కించానని చెబితే ఒప్పుకుంది.

ఇక నీ ప్రాజెక్టు గురించి నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. మా ఊళ్లో బస్సు ఆగేచోట నీడ లేదు. పిల్లలు ఎండలో నిలబడుతున్నారు. ఎంత మంచి సమస్య! దాని మీద రాస్తే మీ సార్ మెచ్చుకుంటారు. తాళాలు, తాళంచెవులు అంటూ తిరగడం చదువుకున్న ఆడపిల్లకు ఏం బాగుంటుంది? అవి పాత సంగతులు. పాత సంగతులు ఎవరికి గుర్తుంటాయి?

అన్నట్టు, ఆ దరఖాస్తు ఇచ్చాక వెనక్కి తీసుకోవచ్చా? ఊరికే అడుగుతున్నాను.

సుశీల


హనుమకొండ,
సెప్టెంబరు 19

అత్తమ్మా,

జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ఉపకేంద్రం భవనం తాళంచెవి, పదవీ విరమణ చేసిన ఆరోగ్య కార్యకర్త శ్రీమతి ఎం. సుశీల వద్దనే ఉన్నట్లు రికార్డు తెలుపుచున్నది. వారి సంతకం గల పుట నకలు జతపరచడమైనది."

ఆ సంతకం నాకు తెలుసు. ప్రతి పుట్టినరోజుకూ నాకు ఇచ్చిన పుస్తకాల మీద ఉన్నది అదే.

గళ్లు నింపావు. దేవుణ్ని వేశావు, మామయ్యను వేశావు, ఆఖరికి రాజక్కను ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మార్చావు. నీ పేరు మాత్రం ఎక్కడా లేదు. నాకు కోపం వచ్చింది అత్తమ్మా. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కోపం పోయాక భయం వేసింది. నిజం రాస్తే ఊళ్లో నీ పరువు పోతుంది. నిజం రాయకపోతే ఆ తలుపు ఎందుకు మూతపడిందో చెప్పలేను, నేను ఫెయిల్. నాన్నకు ఇంకా చెప్పలేదు.

ఏం జరిగిందో నాకు రాయి. తొక్కు సంగతులు వద్దు.

జెస్సికా


బూరుగుమళ్ల,
సెప్టెంబరు 24

జెస్సికా బిడ్డా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను బస్సు నీడ గురించి రాసిననాడే నీకు అనుమానం వచ్చి ఉండాలి. వచ్చే ఉంటుంది. పెద్దదాన్నని ఊరుకున్నావు.

నేను రిటైరైన రోజు దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. తాళంచెవి తీసుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. కొత్త నర్సు వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండమ్మా అన్నారు. సంతకం పెట్టాను. నెల రోజులకు అకాల వాన. వెంకట్రాజం కల్లంలో మిరపకాయ తడిసిపోతోంది. పరుగెత్తుకొచ్చి, "నాలుగే నాలుగు రోజులు నర్సమ్మా" అన్నాడు. ఇచ్చాను. ఆ ప్రార్థన రోజు అరుగు మీద ఆయన అన్న మాట ఇదే. "తాళం నువ్వే ఇస్తివి గద, ఇప్పుడు నా మీద ప్రార్థనలు పెడితివా?"

ఇంతవరకే అయితే జాలిపడి ఇచ్చానని చెప్పుకోవచ్చు. ఇంకా ఉంది. మూడు నెలలకు జ్యోతి వచ్చింది. మా ఇంటికే వచ్చి, "అమ్మా, తాళం మీ దగ్గరున్నదట" అని అడిగింది. బస్తాలున్నాయి, తీసేసినాక ఇప్పిస్తానన్నాను. వెంకట్రాజాన్ని నేను గట్టిగా ఒక్కసారి అడిగితే ఆనాడే తీసేవాడు. అడగలేదు. ఎందుకంటే ఆ పిల్ల నా కుర్చీలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఊరంతా బీపీ చూపించుకోవడానికి మా అరుగు మీదికి వస్తుంటే నాకు బాగుంది. నేను లేకుంటే ఊరికి దిక్కు లేదనుకోవడం బాగుంది. ఆ పిల్ల వానలో డబ్బా పట్టుకుని నిలబడితే నేను గొడుగు పంపాను, తాళం ఇప్పించలేదు.

సిగ్గుగా ఉంది బిడ్డా. ఈ మాట మీ మామయ్యకు కూడా చెప్పలేదు.

సుశీల


హనుమకొండ,
సెప్టెంబరు 27

అత్తమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం లేదు.

నేను పేరు రాయను. "ఒక విశ్రాంత ఉద్యోగిని" అని రాసి, బస్సు నీడ మీద ఇంకో పది పేజీలు చేర్చి ఇచ్చేస్తాను. ఫెయిలైతే అయ్యాను. బ్యాంకులో లెక్కలు మిషన్లే చేస్తాయట కదా.

జెస్సికా


బూరుగుమళ్ల,
అక్టోబరు 4

చిరంజీవి జెస్సికాకు,

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లో చెప్పకుండా నేరుగా రచ్చకే పోయాను. గాంధీ జయంతినాడు గ్రామసభ పెట్టారు. ఇప్పుడు సర్పంచ్ లేడు కదా, స్పెషల్ ఆఫీసరు వచ్చాడు. ఎవరైనా మాట్లాడతారా అంటే లేచి నిలబడ్డాను.

సభలో ఎలా మాట్లాడాలో నాకేం తెలుసు? నిలబడి మాట్లాడటమంటే నాకు తెలిసింది చర్చిలో సాక్ష్యం చెప్పడం ఒక్కటే. అలాగే మొదలుపెట్టాను. నేను ఈ ఊరి ముందు తప్పు చేశాను అని మొదలుపెట్టి, నీకు రాసిందంతా చెప్పాను, కుర్చీ సంగతితో సహా. మధ్యమధ్యలో మన వాళ్లు అలవాటు చొప్పున "ఆమెన్" అంటున్నారు. పంచాయతీ కార్యదర్శి శ్రీకాంత్ రిజిస్టరులో అది కూడా రాసుకుంటూ పోయాడు. రాజక్క వెనక నుంచి, "మైకు దగ్గర పెట్టుకో, వినపడ్తలేదు" అంది.

నేను కూర్చున్నాను. చర్చిలో ఒక సాక్ష్యం అయ్యాక ఇంకొకరు లేవాలి కదా. సారయ్య లేచాడు. బడి బెంచీ ఒకటి రెండేళ్లుగా మా వాకిట్లో ఉంది, దాని మీదే పడుకుంటున్నాను అన్నాడు. అతను కూర్చోకముందే రాయమల్లు లేచి, పంచాయతీ దోమల మందు కొట్టే మిషన్ తన కొట్టంలో ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత వరుస కట్టారు. అంగన్‌వాడీ కుక్కర్, పంచాయతీ నిచ్చెన, చర్చి జంపఖానా ఒకటి. పోయిందనుకున్న ఊరి ఆస్తి సగం మన ఇళ్లల్లోనే దొరికింది. ఆఫీసరు నోరు తెరిచి చూస్తున్నాడు.

చివరికి అందరి కళ్లూ వెంకట్రాజం మీద పడ్డాయి. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుని, "నాకు బీపీ పెరుగుతాంది" అన్నాడు. జ్యోతి అక్కడే ఉంది. చెయ్యి చాపమని పట్టీ చుట్టింది. ఊరంతా మెడలు చాచి అంకె కోసం చూసింది. "నూట ఎనభై సార్. మీరు నర్సంపేట పోవాలె. ఇక్కడ గది ఉంటే గోలీ గిప్పుడే ఇద్దును" అంది. "అరేయ్, పోయి తాళం తేండ్రి" అన్నాడు వెంకట్రాజం, ఎవరితోనన్నది చూడకుండానే.

తలుపు తీసేసరికి ఘాటుకు ఊరంతా తుమ్ములు. ఆఫీసరు తుమ్మిన తుమ్ముకు శ్రీకాంత్ చేతిలో రిజిస్టరు కింద పడింది. చీకటి పడేలోగా నూట పన్నెండు బస్తాలు బయటికొచ్చాయి.

నా పేరు రాయి బిడ్డా. పూర్తి పేరు రాయి. మైకులో చెప్పినదానికి ఇంక దాపరికం ఏముంది?

సుశీల


హనుమకొండ,
నవంబరు 15

అత్తమ్మకు వందనాలు,

పాసయ్యాను. నాన్న స్వీట్లు పంచుతూ లా మొదటి ఏడాది గట్టెక్కిందని చెబుతున్నాడు. ఇక వదిలేశాను.

వైవాలో సార్ అడిగారు, ఈ మార్పులో నీ పాత్ర ఏమిటని. ఉత్తరాలు రాశాను సార్ అన్నాను. బయటి నుంచి వచ్చిన మేడం ఒకావిడ, గ్రామసభ మినిట్స్‌లో ఇన్ని "ఆమెన్"లు ఎందుకున్నాయని అడిగింది. అది మా అత్తమ్మ ఊరి తీర్మానం పద్ధతి అని చెప్పాను. మార్కులు మాత్రం బొటాబొటిగానే ఇచ్చారు. నేను వేసిన అంచనాల్లో ఒక్కటీ నిజం కాలేదట, అదీ నిజమే.

నీ పేరు పూర్తిగా రాశాను, మాదాసి సుశీల అని. ఊళ్లో నిన్నెవరైనా ఏమైనా అన్నారా? దాచకుండా రాయి.

జెస్సికా


బూరుగుమళ్ల,
నవంబరు 23

చిరంజీవి జెస్సికాకు,

నువ్వు పాసైనందుకు మీ మామయ్య వీధిలో చాక్లెట్లు పంచాడు. పెద్ద చదువే గెలిచావు బిడ్డా, నాకు చాలా సంతోషం.

ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకున్నారు. తప్పుకోనీ. వెంకట్రాజం మాత్రం గోలీలు వేసుకుంటున్నాడు, పలకరిస్తాడు.

కష్టం ఇంకోచోట ఉంది. మా అరుగు మీదికి ఇప్పుడెవరూ రారు. పొద్దున్నే అలవాటుగా మిషన్ తీసి తుడుస్తాను. బుధవారం వస్తే చూపించుకునేవాళ్లు మా గుమ్మం ముందు నుంచే సబ్‌సెంటర్‌కు పోతుంటారు. మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

మొన్న బుధవారం నేనూ వెళ్లాను. జ్యోతి నన్ను చూసి గబుక్కున లేచి, "రాండ్రి అమ్మా, కూసోండ్రి" అని తన కుర్చీ చూపింది. వద్దన్నాను. వరుసలో రాజక్క వెనక బెంచీ మీద కూర్చున్నాను. నా వంతు వచ్చింది. పేరు అడిగింది, చెప్పాను. వయసు అడిగింది, చెప్పాను. కొత్త రిజిస్టరులో రాసుకుంది. బీపీ ఉందా అని అడిగింది. తెలియదన్నాను.

నా చేతికి పట్టీ చుట్టింది. నూట డెబ్బై వచ్చింది. ఆరేళ్లలో ఊళ్లో అందరికీ నేనే చూశాను బిడ్డా, నాకు చూసినవాళ్లు లేరు. ఆ పిల్ల గోలీలు ఇచ్చి, ఉప్పు తగ్గించండి అని చెప్పింది. సరేనమ్మా అన్నాను.

నీ అత్తమ్మ,
సుశీల